స్టేషన్ ముందు, ఊరు తర్వాత: డెనెన్‌చోఫు వందేళ్ల లెక్క

టోక్యోలోని షిబుయా నుంచి యోకొహామా వైపు వెళ్లే తోయోకో లైన్ రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో డెనెన్‌చోఫు స్టేషన్ వస్తుంది. పెద్ద స్టేషనేమీ కాదు. రెండు ప్లాట్‌ఫాంలు, నాలుగు ట్రాకులు, అన్నీ నేలమట్టానికి కిందే. పడమటి గేటు నుంచి పైకి వస్తే ఎర్రటి వాలు కప్పుతో, పాతకాలపు యూరప్ ఇళ్ల పద్ధతిలో కట్టిన చిన్న కట్టడం కనిపిస్తుంది. దాని ఎదుట ఓ చిన్న కూడలి. ఆ కూడలి నుంచి వీధులు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటూ వెళ్తాయి. వాటిని అడ్డంగా కలుపుతూ అర్ధవృత్తాకారపు వీధులు, వాటి పక్కన వరసగా గింకో చెట్లు. జపాన్‌లో డబ్బున్నవాళ్ల పేట ఏదని అడిగితే ఇప్పటికీ చాలామంది నోట మొదట వచ్చే పేర్లలో ఇదొకటి.

మామూలుగా ఊరు ఉంటే రైలు వస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది. 1923 మార్చి 11న ఇక్కడ తొలి రైలు ఆగే నాటికి చుట్టూ ఉన్నవి ఎబారా జిల్లా పొలాలు, తోపులు, అక్కడక్కడా రైతుల ఇళ్లు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పెద్దగా లేని చోట స్టేషన్ కట్టారంటే దానికి లెక్క వేరే ఉంది. ఆ రైలు మొదటి పని జనాన్ని మోయడం కాదు, పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చడం. జపాన్ ప్రైవేటు రైల్వే కంపెనీలు టికెట్ డబ్బుల మీదే ఆధారపడకుండా ఎలా ఎదిగాయన్న ప్రశ్నకు చాలావరకు జవాబు ఈ స్టేషన్ చరిత్రలో దొరుకుతుంది. ఆ పద్ధతి ఎక్కడిదాకా పని చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ రెండో విషయాన్ని జపాన్ రైల్వేలను మెచ్చుకునేవాళ్లు అంతగా పట్టించుకోరు.

ముందు పుట్టింది భూమి కంపెనీ

కథ రైల్వేతో మొదలు కాలేదు. షిబుసావా ఎయిచి ఆధునిక జపాన్ వ్యాపార రంగానికి పునాదులు వేసినవాళ్లలో ముఖ్యుడు. 1873లో ఆ దేశపు తొలి ఆధునిక బ్యాంకు నెలకొల్పడంలో ముందున్నాడు, ఆ తర్వాత వందల కంపెనీల పుట్టుకలో చెయ్యేశాడు. 2024 జూలై నుంచి 10,000 యెన్ నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. వ్యాపారాల నుంచి తప్పుకున్నాక, దాదాపు ఎనభయ్యేళ్ల వయసులో ఆయన తలకెత్తుకున్న పనుల్లో ఒకటి టోక్యో శివార్లలో పచ్చటి నివాస ప్రాంతం కట్టడం. అందుకోసం 1918లో ఒక కంపెనీ పెట్టారు. పేరు దెన్-ఎన్ తోషి, అంటే గార్డెన్ సిటీ కంపెనీ.

ఆ ఆలోచన ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించిన గార్డెన్ సిటీలో మూడు సంగతులు విడదీయరానివి. ఒకటి, ఊరు పచ్చగా, పరిమితమైన జనాభాతో ఉండాలి. రెండు, పని చేసే చోటు కూడా ఊళ్లోనే ఉండాలి, అంటే ఫ్యాక్టరీలూ ఆఫీసులూ అక్కడే ఉండాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. భూమి ఎవరికీ విడివిడిగా అమ్మకూడదు. ఊరందరి తరఫున ఒక సంస్థ చేతిలో ఉండాలి. ఊరు పెరిగేకొద్దీ భూమి విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదల అద్దెల రూపంలో మళ్లీ ఊరికే చేరాలి. 1903లో లండన్‌కు ఉత్తరాన లెచ్‌వర్త్‌లో ఈ ఆలోచనకు తొలి రూపం వచ్చింది. జపాన్ హోం శాఖ 1907లోనే ఈ విషయం మీద ఒక పుస్తకం వేసింది కాబట్టి, టోక్యోలో చదువుకున్నవాళ్లకు ఇది కొత్త మాటేమీ కాదు.

షిబుసావా కొడుకు హిదెయో 1919లో అమెరికా, యూరప్ తిరిగి నివాస ప్రాంతాలు చూసి వచ్చాడు. తిరిగొచ్చాక కట్టినదానిలో మాత్రం హోవర్డ్ చెప్పిన మూడింటిలో మొదటిది మాత్రమే మిగిలింది. ఈ విషయంలో కంపెనీ ఎవరినీ మభ్యపెట్టలేదు. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ కూడా ఊళ్లోనే ఉంటుందని, తమది మాత్రం టోక్యో అనే పెద్ద ఫ్యాక్టరీకి రోజూ వెళ్లివచ్చే చదువుకున్న ఉద్యోగుల కోసం కట్టే నివాస ప్రాంతమని తన ప్రచార పత్రంలో రాసుకుంది. ఆ ఒక్క తేడాతో మొత్తం లెక్క మారిపోయింది. పని ఊళ్లో లేదు కాబట్టి రైలు తప్పనిసరి అయింది. భూమి అమ్ముతున్నారు కాబట్టి విలువ పెరిగితే ఆ లాభం ఎవరిదన్న ప్రశ్న కూడా వచ్చింది. ఆ వచ్చిన లాభాన్ని రైలుకు కట్టబెట్టడమే తర్వాతి కథ.

కంపెనీ సెన్‌జోకు, ఓఓకయామా, తామాగావాదై ప్రాంతాల్లో రైతుల దగ్గర భూములు కొంటూ పోయింది. మొత్తం 150 హెక్టార్ల దాకా, అంటే మన లెక్కలో 370 ఎకరాలకు దగ్గరగా. జపాన్‌లో ఇళ్ల స్థలం కొలిచేది సుబోల్లో. ఒక సుబో అంటే 3.3 చదరపు మీటర్లు, ఇంచుమించు నాలుగు గజాలు. అప్పటికి అది ఊరవతల పొలం. వెంచర్ వేసేవాళ్లకు ఎక్కడైనా ఎదురయ్యే సమస్యే వీళ్లకూ ఎదురైంది. స్థలం ఎంత బాగున్నా, ఉద్యోగానికి వెళ్లే దారి లేకపోతే కొనేవాడుండడు.

ఒసాకా నుంచి వచ్చిన లెక్క

షిబుసావా మనుషులకు బ్యాంకులు తెలుసు, భూములు తెలుసు. రైలు నడపడం తెలియదు. కంపెనీ పెట్టుబడిదారుల్లో ఒకడైన దై-ఇచి లైఫ్ బీమా సంస్థ స్థాపకుడు యానో త్సునేతా ఒసాకాలో ఉన్న కొబయాషి ఇచిజోను సాయం అడిగాడు. ఎందుకు ఆయన్నే అడిగాడో తెలియాలంటే ఓ పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1910 మార్చిలో కొబయాషి నడిపిస్తున్న మీనో అరిమా కంపెనీ ఒసాకాలోని ఉమెదా నుంచి తకరాజుకాకు రైలు మొదలుపెట్టింది. ఇప్పుడు హాంక్యూ అంటున్నది దాన్నే. ఆ దారిలో పెద్ద ఊళ్లు లేవు, ఈ లైన్ నష్టాల్లో మునుగుతుందని అందరూ అనుకున్నారు. కొబయాషి దాన్నే అవకాశంగా చూశాడు. ఊళ్లు లేవంటే భూమి చవక అని అర్థం. రైలు మొదలు కాకముందే దారి పొడవునా భూమి కొన్నాడు. ఆ ఏడాదే ఇకెదా దగ్గర ఇళ్లు కట్టి నెలవారీ వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాడు. జీతం మీద బతికే మధ్యతరగతి మనిషి చేతిలో పెద్ద మొత్తం లేకుండానే సొంతింటివాడయ్యే వీలు అలా కలిగింది. అవతలి చివర తకరాజుకాలో వేడినీటి స్నానాల కేంద్రం పెట్టాడు, 1914లో అమ్మాయిల సంగీత నాటక ప్రదర్శనలు మొదలుపెట్టాడు. ఇవతలి చివర ఉమెదాలో 1929లో డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి, ఆదివారం వినోదానికి, పండగకు బట్టలకు, అన్నిటికీ అదే రైలు.

ఇందులో అసలు కీలకం వాయిదాలూ కాదు, నాటకాలూ కాదు. కొత్త రైలు మార్గం పడితే దాని పక్కనున్న భూమి ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలకు కారణం రైలు. కానీ మామూలుగా లాభం వెళ్లేది కదలకుండా కూర్చున్న భూస్వామికి. పట్టాలు వేసినవాడికి మిగిలేది టికెట్ డబ్బులే, వాటితో పెట్టుబడి తిరిగి రావాలంటే దశాబ్దాలు పడుతుంది. రైలు వేసేవాడే భూమి యజమాని కూడా అయితే ఆ పెరుగుదల అతని జేబులోకే వస్తుంది, అది రైలు ఖర్చును తీరుస్తుంది. కొబయాషి చేసి చూపించింది ఇదే.

అడిగిన సాయానికి ఆయన ఒప్పుకున్నాడు. తన పేరు బయట పెట్టకుండా, జీతం తీసుకోకుండా, వీలు చూసుకుని ఒసాకా నుంచి టోక్యోకు వచ్చి సలహాలిచ్చేవాడు. కానీ రోజువారీ పనికి అక్కడే ఉండే మనిషి కావాలి. రైల్వే శాఖ ఉద్యోగం మానేసి, ముసాషి ఎలక్ట్రిక్ రైల్వే అనే కాగితాల మీదే ఉన్న ఓ కంపెనీని లేవదీయలేక అవస్థ పడుతున్న గోతో కెయిటా పేరు చెప్పాడు. గోతోకు ఆయన చెప్పిన దారి సూటిగా ఉంది. ముందు గార్డెన్ సిటీ వాళ్ల రైలు కట్టు, భూములు అమ్ముడుపోతాయి, ఆ డబ్బుతో నీ పెద్ద లైన్ కట్టుకోవచ్చు. 1922 సెప్టెంబరులో మెగురో కమాతా ఎలక్ట్రిక్ రైల్వే కంపెనీ పుట్టింది. భూమి కంపెనీ తల్లి, రైలు కంపెనీ పిల్ల.

ఆరు నెలలు

1923 మార్చిలో మెగురో నుంచి తామాగావా నది ఒడ్డున ఉన్న మారుకో దాకా రైలు మొదలైంది. ఇప్పటి డెనెన్‌చోఫు స్టేషన్ ఆ రోజే తెరుచుకుంది, అప్పట్లో దాని పేరు చోఫు. ఆగస్టులో స్టేషన్ చుట్టూ ఉన్న తామాగావాదై ప్లాట్ల అమ్మకం మొదలైంది. సెప్టెంబరు 1న, మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందు, కాంటో భూకంపం వచ్చింది.

టోక్యో, యోకొహామా ప్రాంతాల్లో లక్షకు పైగా జనం చనిపోయారు. చాలా ప్రాణాలు పోయింది అదురుకు కాదు, ఆ వెంటనే అంటుకున్న మంటలకు. మధ్యాహ్నం వంట వేళ, చెక్క ఇళ్లు, ఇరుకు సందులు, ఈదురు గాలి. హోంజో, ఫుకాగావా, అసకుసా లాంటి తూర్పు టోక్యో పేటలు నది తెచ్చిన మెత్తటి మట్టి మీద ఉన్న పల్లపు ప్రాంతాలు. అక్కడ నష్టం ఘోరంగా జరిగింది. పడమర, నైరుతి వైపున్నది ముసాషినో పీఠభూమి, కాస్త ఎత్తు, గట్టి నేల. అక్కడ ఇళ్లు పలచగా ఉండడంతో మంట ఒక కప్పు మీంచి మరో కప్పుకు పాకే వీల్లేదు. గార్డెన్ సిటీ కంపెనీ అప్పటికే అమ్మిన ప్రాంతాల్లో ఇళ్లకు పెద్దగా దెబ్బ తగల్లేదు. భూకంపం తర్వాత తమ స్థలాలు సురక్షితమని ఈ విపత్తే రుజువు చేసిందని కంపెనీ ప్రకటనలు వేసింది.

ఆ ప్రకటన చదువుతుంటే ఇప్పుడు మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ అందులో అబద్ధం లేదు. నగరం మధ్యలో ఉండడమే గొప్ప అనుకున్న ఉద్యోగి కుటుంబాలు మొదటిసారి శివార్ల వైపు చూశాయి. నవంబరు 1 నాటికి లైన్ కమాతా దాకా పూర్తయింది. డెనెన్‌చోఫు విజయానికి కొబయాషి లెక్కనో, గోతో చురుకునో కారణంగా చెప్పడం పరిపాటి. ఆరు నెలల తేడాతో రైలు, ప్లాట్లు, భూకంపం ఒకదాని వెంట ఒకటి రావడం ఆ రెండింటికంటే తక్కువ కారణమేమీ కాదు. ఇదే పద్ధతిని వేరే దేశాల్లో దించాలనుకునేవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోకపోతే సగం కథే నేర్చుకున్నట్టు.

లేఅవుట్, దాని షరతులు

ఊరి నమూనా, స్టేషన్ కట్టడం రెండూ గీసింది యాబే కింతారో అనే వాస్తుశిల్పి. స్టేషన్‌ను కేంద్రంగా పెట్టుకుని పడమటి వైపు అర్ధవృత్తాలుగా వీధులు, వాటిని చీల్చుకుంటూ స్టేషన్ నుంచి నేరుగా బయటికి పోయే వీధులు. వెంచర్ వేసేవాడి కంటితో చూస్తే ఇది దుబారా. గళ్ల గీతల్లో వీధులు వేస్తే ప్లాట్లు చతురస్రంగా, వృథా లేకుండా వస్తాయి. వంపు వీధుల్లో ప్రతి మూలా ఏదో ఒక వంకర ముక్క మిగిలిపోతుంది. అయినా అలాగే వేశారు. ఫలితం ఏమిటంటే ఊళ్లో ఏ వీధిలో ఉన్నా దారి స్టేషన్ వైపే తీసుకెళ్తుంది. స్టేషన్ నుంచి చూస్తే ఊరంతా ముఖం ఇటు తిప్పి నిలబడినట్టుంటుంది. స్థలం చూడడానికి వచ్చినవాడు రైలు దిగి, ఆ వాలు కప్పు కింద నుంచి బయటికి అడుగుపెట్టగానే ఎదురుగా పరుచుకున్న వీధుల్ని చూస్తాడు. అమ్మకం సగం అక్కడే అయిపోతుంది. స్టేషన్ కట్టడం మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం అదే.

ఇక షరతులు. కొన్నవాళ్లు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించే కట్టడాలు కట్టకూడదు. ప్రహరీ పెట్టుకుంటే చూపుకు హుందాగా ఉండాలి. ఇల్లు మూడంతస్తులు మించకూడదు. స్థలంలో సగానికి మించి కట్టకూడదు. ఇల్లు వీధి అంచున కాకుండా కొంత లోపలికి జరిగి ఉండాలి. సుబోకు ఇంత అని కనీస ఖర్చు పెట్టి ఇల్లు కట్టాలి. ప్రహరీ గోడల బదులు పచ్చటి కంచెలు వచ్చింది అందుకే. ఆఖరి షరతు మిగతావాటిలా అందం కోసం పెట్టింది కాదు. చవకగా కట్టుకునేవాడు అసలు రాకుండా చేసే గేటు అది. పచ్చదనాన్ని కాపాడే నియమం, పేదవాణ్ణి దూరంగా ఉంచే నియమం ఒకే కాగితం మీద ఉన్నాయి. ఇందులో మొదటిదాన్ని పొగిడి రెండోదాన్ని వదిలేయడం న్యాయం కాదు. అయితే తొలినాళ్లలో ఇక్కడికి వచ్చింది ఇప్పుడు మనం ఊహించుకునే కోటీశ్వరులు కాదు. ప్రభుత్వ అధికారులు, సైనికాధికారులు, కంపెనీల్లో మంచి జీతం తీసుకునే ఉద్యోగులు. కోటీశ్వరుల పేటగా మారడం తర్వాతి తరాల్లో, భూమి ధర పెరుగుదలతో జరిగింది.

1926 జనవరి 1న స్టేషన్ పేరు చోఫు నుంచి డెనెన్‌చోఫుగా మారింది. అదే ఏడాది ఇక్కడి నివాసులు తమ సంఘం పెట్టుకున్నారు. 1932లో ఈ ప్రాంతం టోక్యో నగరంలో కలిసినప్పుడు పేటకు కూడా స్టేషన్ పేరే పెట్టారు. అందులోని 'డెనెన్' కంపెనీ పేరులోని 'దెన్-ఎన్' మాటే. అలా కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు ప్రభుత్వ రికార్డుల్లో ఊరి పేరుగా స్థిరపడింది.

ఖాళీగా తిరిగొచ్చే రైళ్లు

శివారు రైలుకు పుట్టుకతో వచ్చే రోగం ఒకటుంది. పొద్దున నగరం వైపు కిక్కిరిసి వెళ్తుంది, అటు నుంచి ఖాళీగా తిరిగొస్తుంది. సాయంత్రం దానికి తలకిందులు. ఆదివారం రెండు వైపులా ఖాళీ. పెట్టెలు కొనేది రద్దీకి సరిపడా, సంపాదన మాత్రం ఒక వైపు నుంచే. పైగా డెనెన్‌చోఫు లాంటి ఊరు ఇంకా కష్టం. నాలుగు వందల గజాలు, వెయ్యి గజాలు ఉన్న ప్లాట్లలో ఒక్కో కుటుంబం ఉంటే ఎకరానికి ఎంతమంది ఎక్కుతారు? ప్లాట్లు అమ్మినంత కాలం రైలుకు డబ్బు వస్తుంది. అమ్మడం అయిపోయాక ఏమిటి?

గోతో అసలు ప్రతిభ ఇక్కడ కనిపిస్తుంది. తూర్పు టోక్యోలోని కురామాయెలో ఉన్న ఉన్నత సాంకేతిక విద్యాలయం భూకంపంలో కాలిపోయింది. గార్డెన్ సిటీ కంపెనీ ఓఓకయామాలోని తన భూమిని దానికిచ్చి, బదులుగా కురామాయె స్థలం తీసుకుంది. 1924లో విద్యాలయం అక్కడికి వచ్చింది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే పేరుతో పెరిగి, 2024లో మరో విశ్వవిద్యాలయంతో కలిసిపోయింది అదే. నగరంలోని కురామాయె స్థలాన్ని అమ్మగా వచ్చిన డబ్బు గోతో చేతికి పెద్ద ఆయుధమైంది. తను ఒకప్పుడు అవస్థ పడిన ముసాషి ఎలక్ట్రిక్ కంపెనీ వాటాలు ఆ డబ్బుతో కొన్నారు, దాని పేరు టోక్యో యోకొహామా ఎలక్ట్రిక్ రైల్వేగా మార్చారు. 1926 ఫిబ్రవరిలో నది దాటి యోకొహామాలోని కనగావా దాకా, 1927 ఆగస్టులో ఇటు షిబుయా దాకా తోయోకో లైన్ వచ్చింది. డెనెన్‌చోఫు రెండు లైన్లు కలిసే జంక్షన్ అయింది.

విద్యాలయం వచ్చిందంటే ఖాళీగా తిరిగే రైళ్లలో విద్యార్థులు కూర్చుంటారు. అదీ రోజూ, ఏళ్ల తరబడి. ఆ రుచి తెలిశాక గోతో ఆగలేదు. తోయోకో లైన్‌లో హియోషి దగ్గర భూమిని కేయో విశ్వవిద్యాలయానికి ఉచితంగా ఇచ్చాడు, 1934లో అక్కడ క్యాంపస్ తెరుచుకుంది. లైన్ వెంట మరికొన్ని విద్యాసంస్థలు వచ్చాయి. ఆదివారాల కోసం 1925లో పక్క స్టేషన్ దగ్గర తామాగావాఎన్ అనే వినోద ఉద్యానం పెట్టారు, అది 1979 దాకా నడిచింది. 1934లో షిబుయా చివర తోయోకో డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచారు. ఒసాకా పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడని అనిపిస్తుంది గానీ, విశ్వవిద్యాలయాల సంగతి మాత్రం గోతో సొంత చేర్పు అనదగ్గ స్థాయిలో పెద్దది.

1928లో రైలు కంపెనీ భూమి కంపెనీని తనలో కలుపుకుంది. పిల్ల తల్లిని మింగింది. షిబుసావా కంపెనీ కొన్న భూముల పని చాలావరకు అయిపోయింది, మిగిలింది రైలే. తర్వాత మార్పులూ చేర్పులూ జరిగి తోక్యూ అనే పెద్ద సంస్థగా నిలబడింది.

ఆగని రైలు

ఇప్పుడు తోయోకో లైన్‌లో రోజూ నడిచే రైళ్లలో అన్నిటికంటే వేగమైనది లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్. 2001లో మొదలైన ఈ రైలు షిబుయా వదిలాక నకా మెగురోలో, జియుగావోకాలో ఆగుతుంది. ఆ తర్వాత డెనెన్‌చోఫును దాటి నేరుగా నది అవతల ముసాషి కొసుగిలో ఆగుతుంది. సంస్థ పుట్టిందే ఈ స్టేషన్ కోసం. పేరు దేశమంతా తెలుసు. అయినా రైలు ఆగదు. ఒకప్పుడు ఫ్యాక్టరీలుండే ముసాషి కొసుగిలో ఇప్పుడు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్ టవర్లు, వేరే లైన్లకు మారే జనం. టైంటేబుల్ వేసేవాడికి పరువు ప్రతిష్ఠలతో పని లేదు, ఎక్కే దిగే తలలతోనే పని. పెద్ద స్థలాల్లో తక్కువ ఇళ్లు ఉండే ఊరు చూడ్డానికి ఎంత బాగున్నా రైలుకు తక్కువ జనాన్నే ఇస్తుందన్న నిజం 1923 నుంచీ ఉన్నదే. అప్పట్లో ప్లాట్ల డబ్బు దాన్ని కప్పేసింది.

మామూలు ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి, కారణం ఇక్కడ రెండు లైన్లు కలవడం. ఈ సౌకర్యాన్ని చాలా బాగా అమర్చారు. ఒకే దిశలో వెళ్లే తోయోకో, మెగురో లైన్ల రైళ్లు ఒకే ప్లాట్‌ఫాంకు అటూ ఇటూ ఆగుతాయి. రైలు మారాలంటే మెట్లెక్కక్కర్లేదు, ప్లాట్‌ఫాం అడ్డంగా దాటితే చాలు. బ్యాగులతో, చంటిపిల్లలతో రోజూ ప్రయాణించేవాళ్లకు దీని విలువ తెలుసు.

ఇలా కుదరడానికి స్టేషన్‌ను నేల కిందికి దించాల్సి వచ్చింది. తోయోకో లైన్ రద్దీ తట్టుకోలేని స్థాయికి చేరడంతో పక్కన మరో జత పట్టాలు వేసి, పాత మెగురో కమాతా లైన్‌ను దానికి తోడు లైన్‌గా మార్చాలని 1980లలో నిర్ణయించారు. ఇంత ఖర్చుకు డబ్బెక్కడిది? 1986లో వచ్చిన ఓ చట్టం ప్రకారం రైల్వే కంపెనీలు టికెట్ ధరలో కొంత ముందుగానే కలిపి వసూలు చేసి, ఆ సొమ్మును ఇలాంటి పనులకు పక్కన పెట్టుకోవచ్చు. తోక్యూ దీన్ని వాడుకుంది. అంటే 1923లో పట్టాలకు డబ్బు భూమి నుంచి వచ్చింది, 1990లలో కిక్కిరిసిన రైల్లో నిలబడ్డవాళ్ల జేబుల నుంచి వచ్చింది. అమ్మడానికి భూమి లేనప్పుడు మిగిలే దారి అది.

పనుల కోసం 1990లో పాత స్టేషన్ కట్టడాన్ని విప్పేశారు. పదేళ్లు అది లేకుండానే గడిచింది. 2000 జనవరిలో పాత రూపంలోనే తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు దానిలో టికెట్ గేట్లు లేవు, స్టేషన్ పనేదీ అక్కడ జరగదు. ఊరి గుర్తుగా ఉంది, అంతే. పని లేని కట్టడానికి ఖర్చెందుకు అనేవాళ్లు ఉండొచ్చు. కానీ ఈ ఊరి వీధులన్నీ ఆ ఒక్క బిందువును చూసుకుని గీసినవి. అది లేకపోతే లేఅవుట్‌కే అర్థం పోతుంది. తిరిగి కట్టడమే సరైన పని.

అదే ఏడాది ఆగస్టులో మెగురో కమాతా లైన్ రెండుగా విడిపోయింది. కమాతా వైపు ముక్క తామాగావా స్టేషన్ దగ్గరే ఆగిపోయింది, డెనెన్‌చోఫుకు రాదు. మెగురో వైపు ముక్క సెప్టెంబరు నుంచి నగరం కింద నడిచే రెండు సబ్‌వే లైన్లతో కలిసింది. 2013లో తోయోకో లైన్ ఫుకుతోషిన్ సబ్‌వేతో కలిసింది. 2023 మార్చిలో షిన్ యోకొహామా మీదుగా సోతెత్సు కంపెనీ లైన్లతో కొత్త కలయిక వచ్చింది. దీంతో వందేళ్ల కిందట పొలాల మధ్య ఆగిన రైలు దారి, కంపెనీల సరిహద్దులు దాటి టోక్యోకు ఉత్తరాన ఉన్న సైతామా ప్రాంతం నుంచి దక్షిణాన ఉన్న కనగావా ప్రాంతం లోపలి దాకా సాగుతోంది.

అమ్మేసిన భూమి, అట్టిపెట్టుకున్న భూమి

డెనెన్‌చోఫులో ఇప్పుడు నడుస్తున్న అసలు గొడవ వారసత్వ పన్నుది. జపాన్‌లో ఆస్తి పిల్లలకు వచ్చేటప్పుడు మినహాయింపు 3 కోట్ల యెన్‌లు, దానికి తోడు ఒక్కో వారసుడికి 60 లక్షల యెన్‌లు. ఆపైన పన్ను మెట్లు మెట్లుగా పెరిగి 55 శాతం దాకా వెళ్తుంది. తాతగారు ఉద్యోగి జీతంతో కొన్న వెయ్యి గజాల స్థలం మనవడి కాలానికి ఎంత ఖరీదైందంటే, పన్ను కట్టాలంటే ఆ స్థలంలో ముక్క అమ్మడం తప్ప దారి లేదు. మూడు తరాలు చేతులు మారితే ఆస్తి మిగలదని అక్కడ ఓ నానుడి. పెద్ద తోట ఉన్న ఇల్లు పోయి, ఆ చోట రెండు మూడు ఇళ్లు లేస్తాయి. పాత షరతులు కంపెనీకీ కొన్నవాడికీ మధ్య ఒప్పందాలే కాబట్టి వాటికి కాలం చెల్లింది. నివాసుల సంఘం 1982లో ఒక ప్రవర్తనా పత్రం రాసుకుంది. 1991లో చట్టబద్ధమైన ప్రాంత ప్రణాళిక వచ్చింది. దాని ప్రకారం కొత్తగా విడదీసే ప్లాటు 165 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అంటే సుమారు 200 గజాలు. మన దగ్గర 200 గజాల ప్లాటంటే మధ్యతరగతికి మంచి ప్లాటే. డెనెన్‌చోఫు పెద్దలకు మాత్రం అది ఊరు చితికిపోకుండా గీసిన ఆఖరి గీత.

హోవర్డ్ మూడో షరతు ఎందుకు పెట్టాడో ఇక్కడ తెలుస్తుంది. భూమి అందరి చేతిలో ఉండి ఉంటే విలువ పెరిగినప్పుడు ఊరికే లాభం వచ్చేది, ఏ కుటుంబమూ తోటను కోసి అమ్ముకోనక్కర్లేదు. డెనెన్‌చోఫులో తొలి పెరుగుదల రైలు కంపెనీకి చేరింది. అక్కడితో దాని వాటా అయిపోయింది. ఆ తర్వాత తొంభయ్యేళ్ల పెరుగుదల ప్లాట్ల యజమానులది, వాళ్ల నుంచి పన్ను రూపంలో ప్రభుత్వానిది. స్టేషన్‌ను నడుపుతూ ఆ విలువను రోజూ నిలబెడుతున్న రైలుకు అందులో చిల్లిగవ్వ లేదు.

తోక్యూ ఇది గమనించిందనే అనిపిస్తుంది. గోతో 1953లో టోక్యోకు నైరుతిన కొండల మధ్య ఇంకా ఎన్నో రెట్లు పెద్ద నివాస ప్రాంతం కట్టే ప్రతిపాదన రైతుల ముందు పెట్టాడు. ఆయన 1959లో చనిపోయాక కొడుకు నోబోరు దాన్ని నడిపించాడు. ఈసారి భూమంతా కొనలేదు. రైతులతో సంఘాలు కట్టించి, అందరి భూములూ కలిపి రోడ్లు వేసి, తగ్గిన కొలతతో తిరిగి పంచే పద్ధతి తీసుకున్నారు. ఖర్చు భరించినందుకు కంపెనీకి కొంత భూమి దక్కింది. 1966లో మిజోనోకుచి నుంచి నగత్సుతా దాకా రైలు వచ్చింది. ఇప్పుడు దెన్-ఎన్ తోషి లైన్ వెంట ఉన్న ఈ ప్రాంతంలో 6 లక్షలకు పైగా జనం ఉన్నారు. జనం లేని సమస్య ఇక్కడ లేదు, ఉన్నది తలకిందుల సమస్య. కరోనాకు ముందు పొద్దుటి రద్దీ వేళల్లో ఈ లైన్ కొలిచిన సామర్థ్యానికి 180 శాతం పైగా నిండేది. జపాన్ రవాణా శాఖ లెక్కలో 180 శాతమంటే మడతపెట్టిన పేపరును అతి కష్టం మీద చదవగలిగేంత ఇరుకు.

ముఖ్యమైన తేడా స్టేషన్ల దగ్గర ఉంది. తామా ప్లాజా స్టేషన్‌లో ప్లాట్‌ఫాంల మీదా, చుట్టూ ఉన్న భూమిని కంపెనీ తన చేతిలోనే అట్టిపెట్టుకుంది. 2010 నాటికి అక్కడ తామా ప్లాజా టెర్రస్ అనే పెద్ద షాపింగ్ సముదాయం పూర్తయింది. చుట్టుపక్కల విలువ పెరిగినప్పుడల్లా ఆ అద్దెల్లో కనిపిస్తుంది. 2012లో యోకొహామా నగరపాలక సంస్థతో కలిసి, వయసు మీద పడుతున్న ఈ శివార్లను మళ్లీ పిల్లలున్న కుటుంబాలకు పనికొచ్చేలా మార్చే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇల్లు అమ్మేసి వెళ్లిపోయే వ్యాపారి అలాంటి పని చేయడు. జనం తగ్గితే అద్దె తగ్గుతుంది, టికెట్లు తగ్గుతాయి అని తెలిసినవాడే చేస్తాడు. డెనెన్‌చోఫులో పెద్ద స్థలాల్ని కాపాడే భారం నివాసుల సంఘం మీద, వార్డు ఆఫీసు మీద ఉంది. తామా ప్లాజాలో ఊరు బాగుండాలన్న పట్టుదల రైలు కంపెనీకి కూడా ఉంది, ఎందుకంటే అక్కడ దానికి ఇంకా భూమి ఉంది.